మన ఆరోగ్యం: ముట్లుడిగే వయసు – హార్మోను మందు వాడాలా, వద్దా?

కిందటి నెల ఈ శీర్షికలో మధుమేహం గురించి రాశాను. దానికి జవాబుగా మగవారి దగ్గర నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. అందరూ పేరు, ఊరు రాసి సంతకాలు చేశారు. ఆడవారి దగ్గర నుంచి వచ్చినవి మూడే. మూడింటి చివరా "దయచేసి నా పేరు వేయకండి" అని ఉంది. మూడింటిలోనూ అడిగింది మధుమేహం సంగతి కాదు, ముట్లుడగడం సంగతి. అందుచేత ఈ నెల రాద్దామనుకున్న కొలెస్టరాలును పక్కన పెట్టి, ఈ మూడు ఉత్తరాలకే పేజీలు కేటాయిస్తున్నాను. పేర్లు వేయను. ఆనవాలు పట్టేందుకు వీలున్న వివరాలు కూడా తీసేశాను.

మొదటి సోదరికి 49 ఏళ్ళు. ఆఫీసులో పని చేస్తారు. ఎనిమిది నెలలుగా బహిష్టు సరిగా రావడం లేదు. మీటింగులో కూర్చుని ఉండగా ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిర్లు ఎక్కి, ముఖం చెమటలు పడుతుంది. రాత్రి రెండు మూడు సార్లు పక్క తడిసి మెలకువ వస్తుంది. డాక్టరు గారు హార్మోను పట్టీ రాసి ఇచ్చారు. విజయవాడలో ఉన్న అక్కకు ఫోను చేస్తే "అది వాడితే కాన్సరు వస్తుందటే, వద్దు" అన్నారట. ఆ మందుచీటీ నెల రోజులుగా హాండ్‌బ్యాగులోనే ఉంది.

రెండవ సోదరికి 44 ఏళ్ళు. ముప్పై నాలుగో ఏట స్వదేశంలో గర్భసంచి తీయించుకున్నారు. అప్పటి నుంచీ ఆవిర్లు, కీళ్ళ నొప్పులు, నిద్ర లేకపోవడం. "పీడా పోయింది, ఇంక నీకు ముట్టూ లేదు, మందూ అక్కరలేదు అంటారు అత్తగారు. నిజమేనా?" అని అడిగారు. అండాశయాలు కూడా తీశారో, ఉంచారో ఆమెకు తెలియదు.

మూడవవారికి 56 ఏళ్ళు. శాకాహారి. మూడేళ్ళ కిందట రొమ్ము కాన్సరుకు చికిత్స జరిగింది. ఇప్పుడు ఆవిర్లతో బాధపడుతున్నారు. "నాకు వేరే దారి లేదా?" అని ఒకే ఒక్క వాక్యంలో అడిగారు.

ముగ్గురి ప్రశ్న ఒకటే. జవాబులు మాత్రం మూడు. ఈ నెల నేను చెప్పదలచుకున్న సంగతి కూడా అదే. హార్మోను మందు మంచిదా, చెడ్డదా అని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు. నా వయసుకు, నా ఒంటికి, నాకున్న బాధకు అది తగునా అని అడగాలి. పక్కింటావిడకు పనికొచ్చింది మీకు పనికి రాకపోవచ్చు. మీ అక్కగారు భయపడినది మీరు భయపడవలసింది కాకపోవచ్చు.

ముందుగా అసలు సంగతి

వరసగా పన్నెండు నెలలు బహిష్టు రాకపోతే ముట్లుడిగినట్టు లెక్క. బ్రిటనులో సగటున ఇది 51 ఏళ్ళకు జరుగుతుంది. మన దేశంలో అంతకన్నా ముందే, 46, 47 ఏళ్ళ ప్రాంతంలో. అండాశయాలు ఈస్ట్రోజెన్ అనే హార్మోనును తయారు చేయడం తగ్గించేస్తాయి. అయితే అది ఒక్క రోజులో ఆగిపోదు. కొన్నేళ్ళ పాటు హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. అందుకే బహిష్టులు ఇంకా వస్తుండగానే బాధలు మొదలవుతాయి.

ఆవిర్లు, రాత్రి చెమటలు అందరికీ తెలిసినవే. గుండె దడ, చిరాకు, కారణం లేకుండా కన్నీళ్ళు రావడం, మరుపు, కీళ్ళ నొప్పులు, యోని పొడిబారి కలయికలో నొప్పి పుట్టడం, మాటిమాటికీ మూత్రానికి వెళ్ళవలసి రావడం, మూత్రంలో మంట – ఇవి కూడా ఇందులోవే. మనవాళ్ళు డాక్టరు దగ్గర వీటిలో ఒక్కటే చెబుతారు: "ఒళ్ళు నొప్పులు". ఆయన నొప్పి మాత్రలు రాసి పంపుతారు. మీ బహిష్టు సంగతి మీరు చెప్పకపోతే ఆయనకు ఎలా తెలుస్తుంది? వైద్యుడి దగ్గరా, వకీలు దగ్గరా దాపరికం పనికిరాదని మన పెద్దలు ఊరికే అనలేదు.

45 ఏళ్ళు దాటినవారికి లక్షణాలను బట్టే నిర్ణయించాలనీ, హార్మోను రక్తపరీక్ష అక్కరలేదనీ ఈ దేశపు ఆరోగ్య ప్రమాణాల సంస్థ నైస్ 2015లోనే చెప్పింది. కాబట్టి పరీక్ష చేయలేదని నొచ్చుకోకండి. అయితే థైరాయిడు, రక్తహీనత, మధుమేహం కూడా ఇలాంటి బాధలే తెస్తాయి. అనుమానం ఉంటే వాటికి పరీక్షలు చేయమని అడగవచ్చు.

ఈ భయం ఎక్కడ నుంచి వచ్చింది?

2002 జూలైలో అమెరికాలో ఒక పెద్ద పరిశోధనను మధ్యలో ఆపేశారు. దాని పేరు విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్. గర్భసంచి ఉన్న 16,608 మంది స్త్రీలలో కొందరికి రెండు హార్మోన్లు కలిపిన మాత్ర, మిగిలినవారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. సుమారు అయిదేళ్ళ తర్వాత లెక్క చూస్తే, ఏడాదికి పదివేల మందిలో రొమ్ము కాన్సరు వచ్చినవారు ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 30 మంది, హార్మోను వాడినవారిలో 38 మంది. గుండెపోటు, పక్షవాతం, రక్తపు గడ్డలు కూడా కొంచెం ఎక్కువయ్యాయి. తుంటి ఎముక విరగడం, పెద్దపేగు కాన్సరు తగ్గాయి. పత్రికలు మొదటి సగాన్ని పెద్ద అక్షరాలతో వేశాయి. లక్షల మంది స్త్రీలు రాత్రికి రాత్రి మందు మానేశారు. మన అక్కచెల్లెళ్ళ భయం ఆనాటిదే.

అందులో రెండు సంగతులు మరుగున పడ్డాయి. ఒకటి, ఆ స్త్రీల సగటు వయసు 63. అంటే చాలామందికి ముట్లుడిగి పదేళ్ళు దాటింది. మన మొదటి సోదరికి 49. రెండు, వాళ్ళు వాడిన మాత్రలోని ఈస్ట్రోజెన్ చూడి గుర్రాల మూత్రం నుంచి తీసినది, రెండవ హార్మోను కృత్రిమంగా చేసినది. ఈ రోజుల్లో ఎక్కువగా రాసేది మన ఒంట్లో తయారయ్యే హార్మోనుతో అచ్చంగా సమానమైనది. పట్టీగానో, జెల్‌గానో చర్మం మీద నుంచి లోపలికి పోతుంది.

దీని తేడా ఏమిటంటే, మాత్ర వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం కొంత పెరుగుతుంది. పట్టీ, జెల్ మామూలు మోతాదులో వాడితే పెరగదు. మధుమేహం, రక్తపోటు, బరువు ఎక్కువగా ఉన్న మన కుటుంబాలకు ఇది గుర్తుంచుకోవలసిన మాట.

అలాగని ప్రమాదం సున్న అని చెప్పను. 2019లో లాన్సెట్ పత్రికలో ప్రపంచంలోని అనేక పరిశోధనలను కలిపి లెక్క వేశారు. యాభై ఏళ్ళకు మొదలుపెట్టి అయిదేళ్ళ పాటు రోజూ రెండు హార్మోన్లూ వాడిన స్త్రీలు యాభై మంది ఉంటే, 69 ఏళ్ళు వచ్చేలోగా వాళ్ళలో అదనంగా ఒకరికి రొమ్ము కాన్సరు వస్తుంది. ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడినవారిలో రెండు వందల మందికి ఒకరు. అమెరికా పరిశోధనలో ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడిన భాగంలో కాన్సరు అసలు పెరగలేదు, తగ్గింది కూడా. ఎన్నాళ్ళు వాడితే ప్రమాదం అంత పెరుగుతుంది. ఏడాది లోపు వాడితే చాలా స్వల్పం.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2025 నవంబరులో ఈ మందుల మీద ఉన్న పెద్ద హెచ్చరికలను చాలామటుకు తొలగిస్తున్నట్టు ప్రకటించింది. దాని అర్థం అందరూ వాడవచ్చునని కాదు, అందరినీ ఒకే మాటతో బెదిరించనక్కరలేదని.

మొదటి ఉత్తరానికి జవాబు

మీ వయసు అరవైలోపు, బాధ ఎక్కువగా ఉంది, రొమ్ము కాన్సరు రాలేదు, రక్తపు గడ్డలు రాలేదు. ఇలాంటివారికి హార్మోను మందు వల్ల కలిగే మేలు సాధారణంగా ప్రమాదం కన్నా ఎక్కువ. ఆవిర్లకు దీనిని మించిన మందు ఇంతవరకు లేదు. ఎముకలకు కూడా బలం. మీ డాక్టరు గారు రాసినది తొందరపాటు కాదు.

మీకు గర్భసంచి ఉంది కనుక ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడకూడదు. వాడితే గర్భసంచి లోపలి పొర మందమై కాన్సరుకు దారి తీయవచ్చు. అందుకే దానితోబాటు ప్రొజెస్టెరాన్ తప్పనిసరి. మీ చీటీలో రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి. బహిష్టులు ఇంకా వస్తున్నవారికి నెలలో కొన్ని రోజులే ప్రొజెస్టెరాన్ ఇస్తారు, దానితో నెల నెలా రక్తస్రావం అవుతుంది. "ఈ వయసులో మళ్ళీ ముట్టా? పూజలు, వ్రతాలు ఎలా?" అని కొందరు అక్కడే మానేస్తారు. మానవద్దు. చివరి బహిష్టు అయి ఏడాది దాటితే రెండూ రోజూ వాడే పద్ధతికి మార్చవచ్చు, అందులో నెలసరి స్రావం ఉండదు.

ఇంకొక మాట. హార్మోను మందు గర్భనిరోధకం కాదు. యాభై లోపువారు చివరి బహిష్టు తర్వాత రెండేళ్ళు, యాభై దాటినవారు ఒక ఏడాది జాగ్రత్తలో ఉండాలి.

వాడతారా, వాడరా అన్నది మీ ఇష్టం. బాధ ఓర్చుకోగలిగినదైతే వాడకపోయినా తప్పు లేదు. కాని అక్కగారి ఫోను మీద కాకుండా, పై అంకెల మీద నిర్ణయించుకోండి. అక్కగారికి కూడా ఈ పత్రిక పంపండి.

రెండవ ఉత్తరానికి జవాబు

అమ్మాయీ, మూడింటిలోనూ నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మీ ఉత్తరమే. మీరు ఒంటరివారు కారు. 2015–16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. మన తెలుగు రాష్ట్రాలు ఇందులో ముందు వరసలో ఉన్నాయి. మన సంఘంలోనూ ఇలాంటి సోదరీమణులు ఉంటారు. ఎవరూ చెప్పుకోరు.

అత్తగారి మాట తప్పు. గర్భసంచి వేరు, అండాశయాలు వేరు. గర్భసంచి మాత్రమే తీస్తే ముట్లు ఆగుతాయి గాని హార్మోను ఆగదు, అయితే అది కొంచెం ముందుగా తగ్గిపోవచ్చు. అండాశయాలు కూడా తీస్తే ఆ రోజే ముట్లుడిగినట్టు. ఆపరేషను అయినప్పటి నుంచీ ఆవిర్లు ఉన్నాయని మీరు రాశారు. దాన్ని బట్టి అండాశయాలు కూడా తీశారేమోనని అనుమానించవలసి వస్తోంది.

అదే నిజమైతే, ఒళ్ళు ఇంకా పదిహేడేళ్ళు తయారు చేసుకోవలసిన హార్మోను మీకు ముప్పై నాలుగో ఏటనే పోయింది. ఆవిర్లు ఓర్చుకోవచ్చు. కాని ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు లోలోపల జరిగేవి, బయటికి తెలియవు. అందుచేత 45 లోపు ముట్లుడిగినవారికి వేరే ఆటంకం లేకపోతే, కనీసం సహజంగా ముట్లుడిగే వయసు వరకు, అంటే సుమారు 51 వరకు హార్మోను మందు వాడాలని వైద్యులు సలహా ఇస్తారు. ఇక్కడ మందు కొత్తగా ఏదో చేర్చడం కాదు, పోయినదాన్ని తిరిగి ఇవ్వడం. యాభై దాటినవారి కాన్సరు అంకెలు మీకు వర్తించవు. గర్భసంచి లేదు కనుక సాధారణంగా ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు.

మీరు చేయవలసినవి: ఆపరేషను చేసిన ఆసుపత్రి నుంచి డిశ్చార్జి కాగితం తెప్పించండి. ఊళ్ళో ఉన్న తమ్ముడినో, మరిదినో పంపితే పని జరుగుతుంది. అందులో అండాశయాల సంగతి రాసి ఉంటుంది. కాగితం దొరకకపోయినా ఊరుకోవద్దు. మీ వయసులో రక్తపరీక్షకు విలువ ఉంది, స్కాను కూడా చేయవచ్చు. డాక్టరు గారితో "నాకు ముప్పై నాలుగో ఏట ఆపరేషను అయింది, అప్పటి నుంచి ఈ బాధలు" అని మొదటి వాక్యంలోనే చెప్పండి. ఎముకల సాంద్రత పరీక్ష గురించి కూడా అడగండి.

మూడవ ఉత్తరానికి జవాబు

అమ్మా, రొమ్ము కాన్సరు వచ్చినవారికి సాధారణంగా హార్మోను మందు ఇవ్వరు. ఆ కాన్సరు మళ్ళీ వచ్చే ప్రమాదం ఉంది కనుక. కాని దారి లేకపోలేదు. నైస్ 2024 నవంబరులో సవరించిన సూచనలలో కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీని హార్మోను వాడలేనివారికి, వాడదలచుకోనివారికి కూడా ఒక మార్గంగా చేర్చారు. ఆవిరి ఎక్కినప్పుడు మనసు పడే కంగారును, నిద్రను సరిచేసుకునే అభ్యాసం అది. పిచ్చివాళ్ళకు చేసే వైద్యం అనుకోకండి.

ఆవిర్లకు హార్మోను కాని మాత్రలు కూడా ఉన్నాయి. ఫెజోలినెటాంట్ అనేది 2023 డిసెంబరులో బ్రిటనులో అనుమతి పొందింది. దానికి కాలేయ పరీక్షలు తప్పనిసరి. రొమ్ము కాన్సరు వచ్చినవారికి ఏది తగునో మీ కాన్సరు డాక్టరు గారే చెప్పాలి. మీరు టామోక్సిఫెన్ వాడుతున్నట్టయితే ఒక హెచ్చరిక: దిగులుకు ఇచ్చే పరోక్సిటిన్, ఫ్లూఆక్సిటిన్ మాత్రలు దాని పనిని తగ్గిస్తాయి. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక కూడా అంతే. దుకాణంలో చీటీ లేకుండా దొరుకుతుంది కదా అని కొనకండి. పొడిబారడానికి హార్మోను లేని జెల్లులు, క్రీములు ముందు వాడి చూడండి.

శాకాహారులందరికీ ఒక మాట. చాలా ప్రొజెస్టెరాన్ గొట్టాల పెంకు జెలటిన్‌తో చేస్తారు, అది జంతువుల నుంచి వచ్చేది. అభ్యంతరం ఉన్నవారు మందు పారేయకుండా ఫార్మసిస్టును అడగండి. రెండు హార్మోన్లూ కలిసిన పట్టీలు ఉన్నాయి, గర్భసంచిలో అమర్చే మెరీనా ఉంది.

సర్జరీకి వెళ్ళే ముందు

మూడు వారాలు ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి: ఆవిర్లు రోజుకెన్ని, నిద్ర ఎన్ని గంటలు, చివరి బహిష్టు ఎప్పుడు. మీ తల్లికి, అక్కచెల్లెళ్ళకు రొమ్ము కాన్సరు గాని, రక్తపు గడ్డలు గాని వచ్చాయేమో కనుక్కోండి. రక్తపోటు చూపించుకోండి. లేడీ డాక్టరు కావాలని అడగవచ్చు. ఇంగ్లీషు రానివారికి ప్రభుత్వ వైద్యసేవలో దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేస్తారు. ఈ సంగతులకు కొడుకునో, కోడలినో దుబాసీగా తీసుకువెళ్ళకండి, సగం మాటలు నోట్లోనే ఉండిపోతాయి.

ఖర్చు విషయం: ఇంగ్లండులో 2023 ఏప్రిలు నుంచి హార్మోను మందులకు ప్రత్యేక ముందస్తు చెల్లింపు పత్రం ఉంది. రెండు చీట్ల రుసుముతో ఏడాదంతా మందు తెచ్చుకోవచ్చు. స్కాట్లాండు, వేల్సు, ఉత్తర ఐర్లాండులలో మందుచీట్లకు రుసుమే లేదు.

మందు మొదలుపెట్టిన మూడు నెలలకు ఒకసారి, తర్వాత ఏడాదికోసారి డాక్టరు చూడాలి. మొదటి నెలల్లో కొంచెం రక్తం కనిపించడం మామూలే. ఆరు నెలలు దాటినా ఆగకపోతే చెప్పాలి. మందు వాడనివారికి, ముట్లుడిగి ఏడాది అయ్యాక ఒక్క చుక్క రక్తం కనిపించినా వెంటనే వెళ్ళాలి. "వేడి చేసింది" అని మజ్జిగ తాగి ఊరుకోకండి. ఈ పేజీలో మిగిలినదంతా మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకోండి.

మందు వాడినా, వాడకపోయినా కొన్ని అందరికీ మంచివి. రోజూ నడక, వారానికి రెండు సార్లు బరువులు ఎత్తే వ్యాయామం. పెరుగు, రాగి జావ, నువ్వులు. మన చర్మం ఛాయకు ఈ దేశపు ఎండ చాలదు కనుక ఏడాది పొడుగునా రోజుకు 10 మైక్రోగ్రాముల విటమిన్ డి. వేడి కాఫీ, కారం ఎక్కువైనప్పుడు ఆవిర్లు వస్తున్నాయేమో మీరే గమనించుకోండి. "సహజ హార్మోను" పేరుతో ప్రైవేటుగా ప్రత్యేకంగా కలిపి అమ్మే మందుల జోలికి పోకండి. వాటికి లైసెన్సు ఉండదు, మోతాదుకు హామీ ఉండదు.

చివరగా మగవారికి ఒక మనవి. ఈ పేజీ మీకు కాదని తిప్పేయకండి. ఇంట్లో ఆవిడ అర్ధరాత్రి లేచి కిటికీ తెరిస్తే "చలి చంపుతోంది, ఏమిటీ పని" అని విసుక్కునే ముందు ఒక్క క్షణం ఆగండి. ఇంకొక దుప్పటి కప్పుకుంటే మీ బాధ తీరుతుంది. ఆవిడ బాధ అంత సులభంగా తీరేది కాదు. సర్జరీకి వెళ్దామా అని మీరే ముందు అడిగితే, సగం భారం అక్కడే దిగిపోతుంది.

ఉత్తరాలు రాసిన ముగ్గురికీ నా కృతజ్ఞతలు. ఈ జవాబులు మీ డాక్టరు గారి సలహాకు బదులు కావు, ఆయనను ఏమి అడగాలో తెలుసుకునేందుకు మాత్రమే. ఇంకా సందేహాలుంటే సంఘం చిరునామాకు రాయండి. పేరు అక్కరలేదు, వయసు రాస్తే చాలు. వచ్చే నెల, వాయిదా వేసిన కొలెస్టరాలు.